ప్రీపెయిడ్ ట్యూషన్ ప్లాన్ క్యాన్సిల్ చేసి ఐయూఎల్ ఇన్సూరెన్స్ తీసుకోమనేవాళ్ళతో జాగ్రత్త

ఇక్కడ అమెరికాలో మన స్టేట్ ప్రీపెయిడ్ ప్లాన్ (పిల్లల కాలేజీ ఫీజు ఇప్పటి రేటుకే ముందుగా కట్టేసుకునే స్కీమ్) ఉన్నవాళ్ళు ఒకసారి ఇది చదవండి. ఒళ్ళు మండిపోతూ రాస్తున్నా, అటూ ఇటూ అయితే సర్దుకోండి.

ప్లాన్ మా అమ్మాయి పేరు మీద ఉంది. అదేమో వేరే స్టేట్‌లో ప్రైవేట్ కాలేజీలో చేరింది, అక్కడికి ప్లాన్ వాళ్ళు మన స్టేట్ కాలేజీల సగటు ఫీజు లెక్కనే ఇస్తారు, మిగతాది మనమే కట్టుకోవాలి. సరే బాబు ఇంకా ఎయిత్ గ్రేడే కదా, వాడి పేరు మీదకి మార్చేద్దాం అనుకుంటుంటే మన ఫైనాన్షియల్ కోచ్ గారు తగిలాడు. పేరు రాయను, ప్రతి ఉగాది ఫంక్షన్‌లోనూ బ్యానర్ ఉంటుంది, మీకే అర్థమవుతుంది. "బెనిఫిషియరీ మార్చడం పెద్ద తలనొప్పి అన్నా, క్యాన్సిల్ చేసి ఆ డబ్బు ఐయూఎల్‌లో పెట్టేయ్, కాలేజీకి కాలేజీ, రిటైర్మెంట్‌కి రిటైర్మెంట్" అన్నాడు. ఐయూఎల్ అంటే ఇండెక్స్‌డ్ యూనివర్సల్ లైఫ్, స్టాక్ మార్కెట్ ఇండెక్స్‌ని బట్టి వడ్డీ వచ్చే లైఫ్ ఇన్సూరెన్స్ పాలసీ. పెట్టేశా, నా తెలివికి దండం.

ఆ పెద్ద తలనొప్పి ఏంటో తర్వాత తెలిసింది. ఒక ఫారం! తమ్ముడు, చెల్లి, ఆఖరికి ఫస్ట్ కజిన్ అయినా ఐఆర్ఎస్ (టాక్స్ డిపార్ట్‌మెంట్) లెక్కలో ఫ్యామిలీయే, టాక్స్ లేదు పెనాల్టీ లేదు. క్యాన్సిల్ చేస్తే మాత్రం అప్పటి రేటుకి లాక్ అయిన ట్యూషన్ గోవిందా, కట్టిన డబ్బుకి కాస్త వడ్డీ కలిపి చెక్ పంపారు, ఆ వడ్డీ మీద ఇన్‌కమ్ టాక్స్, పైన ఇంకో 10 శాతం పెనాల్టీ.

ఇవన్నీ ఒక ఎత్తు. చెక్ రాగానే నాకు డౌట్ వచ్చి వెనక్కి వేసే దారేమైనా ఉందా అని ఆ కోచ్‌నే అడిగా. "కంగారెందుకన్నా, టాక్స్ టైంలో చూసుకుందాం" అన్నాడు. తీరా 1099-క్యూ (ప్లాన్ నుంచి డబ్బు తీసుకున్నట్టు వచ్చే టాక్స్ ఫారం) పట్టుకుని సీపీఏ (టాక్స్ చూసే అకౌంటెంట్) దగ్గరికెళితే, 60 రోజుల్లోపు ఆ డబ్బు బాబు పేరు మీద 529లో (పిల్లల చదువుకి టాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) వేసుంటే ఈ టాక్స్ గొడవే ఉండేది కాదుగా అంది. పాలసీ కమిషన్ పోతుందని ఆ 60 రోజులూ నన్ను కూర్చోబెట్టాడన్నమాట. ఫోన్ చేసి అడిగితే "నేను టాక్స్ అడ్వైజర్ని కాదు సర్, మీరు సైన్ చేసిన పేపర్లోనే ఉంది" అట. సంతకం పెట్టేదాకా అన్నని, ఇప్పుడు సర్‌ని. మరి మీ పిల్లల కాలేజీకి మీరేం పెట్టారండీ అని అడిగా, ఫోన్ కట్. ఆ తర్వాత ఎత్తితే ఒట్టు. పాలసీ వదిలేద్దామంటే సరెండర్ ఛార్జీలు, మొదటి ఏళ్ళలో చేతికొచ్చేది దాదాపు ఏమీ ఉండదు.

ఎవరైనా ఇదే ఆలోచనలో ఉంటే ముందు ప్లాన్ ఆఫీస్‌కే ఫోన్ చేయండి, వయసు, రెసిడెన్సీ, ఎన్నేళ్ళలోపు వాడాలి లాంటి కండిషన్లు ఒక్కో ప్లాన్‌కి ఒక్కోలా ఉంటాయి. ఐయూఎల్ ఈమధ్యే తీసుకున్నవాళ్ళు ఫ్రీ లుక్ పీరియడ్ ఎన్ని రోజులో పాలసీలో చూసుకోండి, ఆలోపు క్యాన్సిల్ చేస్తే కట్టింది వెనక్కి వస్తుంది.