జాకా, షాచిరి: ఎవరి క్రీడాజీవితం మేలు?

స్విట్జర్లాండ్ ఫుట్‌బాల్‌లో గత పదిహేనేళ్లను ఇద్దరి పేర్లతో చెప్పుకోవాల్సి వస్తే అవి గ్రానిట్ జాకా, జెర్దాన్ షాచిరి పేర్లే అవుతాయి. వీరిద్దరిలో ఎవరి ప్రయాణం మేలైనదని అడిగితే, పతకాల పట్టిక మాత్రమే చూసేవారు తడుముకోకుండా షాచిరి అంటారు. పట్టిక పక్కన పెట్టి, ఆయా జట్లు వారి మీద ఎంతగా ఆధారపడ్డాయో చూస్తే జాకా వైపే మొగ్గవలసి వస్తుంది. నా మొగ్గు కూడా అటే. కాకపోతే జాతీయ జట్టు విషయానికి వచ్చేసరికి ఆ తీర్పు అంత తేలికగా నిలబడదు.

పోల్చడానికి ఇంతకంటే అనువైన జంట దొరకదు, ఎందుకంటే ఇద్దరి మొదలూ దాదాపు ఒకటే. షాచిరి 1991లో కొసావోలోని గ్జిలాన్‌లో పుట్టాడు. మరుసటి ఏడాదే కుటుంబం బాసెల్ సమీపంలోని ఆగ్స్ట్‌కు వలస వచ్చింది. జాకా 1992లో బాసెల్‌లోనే పుట్టినా, తల్లిదండ్రులు కొసావో అల్బేనియన్లే. తండ్రి యుగోస్లావియాలో రాజకీయ ఖైదీగా మూడేళ్లకు పైగా జైల్లో గడిపినవాడు. ఇద్దరూ ఎఫ్‌సీ బాసెల్ అకాడమీలో ఎదిగి, 2011 డిసెంబరులో సెయింట్ జాకబ్ పార్కులో మాంచెస్టర్ యునైటెడ్‌ను 2-1తో ఓడించి, ఐరోపా క్లబ్బుల అత్యున్నత పోటీ అయిన ఛాంపియన్స్ లీగ్ నుంచి ఇంటికి పంపిన జట్టులో కలిసి ఆడారు. 2012 వేసవిలో ఇద్దరూ జర్మనీ దారి పట్టారు. దారులు చీలింది అక్కడే: షాచిరి బయెర్న్ మ్యూనిక్‌ను, జాకా బోరుస్సియా మాన్షెన్‌గ్లాడ్‌బాఖ్‌ను ఎంచుకున్నారు.

షాచిరి ఎంపిక ఫలితం వెంటనే కనిపించింది. మొదటి సీజన్‌లోనే జర్మనీ అగ్రశ్రేణి లీగ్ బుందెస్‌లీగా, జర్మన్ కప్, ఛాంపియన్స్ లీగ్ మూడూ బయెర్న్ గెలిచింది. తరువాత ఇంటర్ మిలాన్‌లో కొద్దికాలం, ఇంగ్లండ్‌లోని స్టోక్ సిటీలో మూడేళ్లు ఆడి, స్టోక్ దిగువ డివిజన్‌కు జారిన 2018లో లివర్‌పూల్‌కు మారాడు. అక్కడ 2019లో ఛాంపియన్స్ లీగ్, 2020లో ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ గెలిచిన జట్టులో ఉన్నాడు. ఐరోపా అత్యున్నత కప్పు రెండుసార్లు గెలవడం ఏ దేశపు ఆటగాడికైనా అరుదే. అయితే 2013 ఫైనల్లోనూ 2019 ఫైనల్లోనూ అతను బెంచీ మీద నుంచి లేవలేదు, ఒక్క నిమిషం కూడా ఆడలేదు. లీగ్ గెలిచిన 2019-20 సీజన్‌లో లీగ్ మ్యాచ్‌లు ఆడింది ఏడు మాత్రమే. ఇందులో గాయాల పాత్ర ఉన్న మాట నిజమే గానీ, తన స్థానంలోనే ఆడే మేటి ఆటగాళ్లు రాబెన్, రిబెరీ ఉన్న బయెర్న్‌కూ, ఆ తరువాత సలా, మానే ఉన్న లివర్‌పూల్‌కూ తెలిసి వెళ్లిన ఆటగాడు బెంచీకి సిద్ధపడే వెళ్లాడనుకోవాలి.

అలాగని అతన్ని కేవలం పతకాల వెంట నడిచినవాడిగా తీసిపారేయడం అన్యాయం. 2018 డిసెంబరులో మాంచెస్టర్ యునైటెడ్ మీద సబ్‌స్టిట్యూట్‌గా దిగి రెండు గోల్స్ కొట్టింది అతనే. మరుసటి మే నెలలో బార్సిలోనా చేతిలో మొదటి అంచెలో 0-3తో ఓడిన లివర్‌పూల్, సలా, ఫిర్మినో లేకుండా 4-0తో తిరగబడిన రాత్రి, వైనాల్డమ్ తలతో కొట్టిన గోలుకు ఎడమ వైపు నుంచి బంతి అందించిందీ అతనే. అవసరమైన గంటకు అందివచ్చాడు, కానీ అలాంటి గంటలు ఎప్పుడో ఒకసారి వచ్చాయి.

జాకా ప్రయాణం ఇందుకు పూర్తిగా భిన్నం. గ్లాడ్‌బాఖ్‌లో నాలుగేళ్లు ఆడి సారథి అయ్యాడు. 2016లో ఆర్సెనల్‌కు వెళ్లి ఏడు సీజన్లలో దాదాపు 300 మ్యాచ్‌లు ఆడాడు. దక్కిన పెద్ద ట్రోఫీలు రెండు ఎఫ్‌ఏ కప్పులు (ఇంగ్లండ్ క్లబ్బుల నాకౌట్ పోటీ). ఎర్ర కార్డులు, తొందరపాటు టాకిళ్లు అతని పేరుకు అంటుకుపోయాయి; మన దగ్గర అర్ధరాత్రి దాకా మేలుకుని ఆర్సెనల్‌ను చూసే అభిమానుల్లోనూ అతన్ని తిట్టుకోనివారు తక్కువే. 2019 అక్టోబరులో క్రిస్టల్ ప్యాలెస్‌తో మ్యాచ్‌లో సొంత ప్రేక్షకులే గేలి చేయగా, సారథి పట్టీని విసిరేసి, చొక్కా విప్పుకుంటూ మైదానం వీడాడు. సారథ్యం పోయింది. అక్కడితో ఆర్సెనల్‌లో అతని కథ ముగిసిందనే చాలామంది అనుకున్నారు. కొత్త కోచ్ ఆర్టెటా నచ్చజెప్పి నిలబెట్టుకున్నాడు; రక్షణ ముందు కూర్చునే పాత్ర నుంచి ఎడమ వైపు ముందుకు జరిపాడు. 2023 మేలో వుల్వ్స్ మీద ఆడిన చివరి మ్యాచ్‌లో జాకా రెండు గోల్స్ కొడితే, అదే స్టేడియం అతన్ని వెళ్లవద్దని పాటలు పాడింది. నన్ను అడిగితే, అదే జనాన్ని అదే మైదానంలో మూడున్నరేళ్ల ఓపికతో తిరిగి గెలుచుకోవడం ఒక కప్పు కంటే బరువైన విషయం.

ఆ తరువాతి సీజన్ కప్పుల లోటునూ కొంత తీర్చింది. క్సాబి అలోన్సో శిక్షణలో బేయర్ లెవర్‌కూసెన్ 2023-24 బుందెస్‌లీగాను ఒక్క ఓటమి లేకుండా గెలిచింది. ఆ క్లబ్బు లీగ్ గెలవడం అదే మొదటిసారి. 34 లీగ్ మ్యాచ్‌లలో జాకా 33 ఆడాడు. జర్మన్ కప్ ఫైనల్లో కైజర్స్‌లౌటెర్న్‌పై ఏకైక గోలు దూరం నుంచి అతను కొట్టిన షాటే. బయెర్న్, లివర్‌పూల్‌లలో షాచిరి అందుకున్న పతకాలలో దేనికీ షాచిరి పేరు ఇంత నేరుగా ముడిపడలేదు.

ఇక జాతీయ జట్టు. ఇక్కడ షాచిరి వాదన బలపడుతుంది. 125 మ్యాచ్‌లలో 32 గోల్స్; 2014 నుంచి 2024 వరకు జరిగిన మూడు ప్రపంచకప్పులు, ఐరోపా దేశాల మధ్య జరిగే మూడు యూరో టోర్నీలలో ప్రతిదానిలోనూ గోలు. 2014లో మనౌస్‌లో హోండురాస్‌పై హ్యాట్రిక్, 2016లో పోలాండ్‌పై గాలిలో తిరగబడి కొట్టిన గోలు, 2024లో స్కాట్లాండ్‌పై మొదటి తాకుడుకే మలచిన షాట్: క్లబ్బుల్లో బెంచీ మీద కూర్చున్న మనిషి, దేశం తరఫున దిగితే మరొకడయ్యేవాడు. జాకా అతనికంటే ఎక్కువ మ్యాచ్‌లు ఆడి స్విస్ రికార్డు సాధించాడు, ఏళ్ల తరబడి సారథిగా ఉన్నాడు. గోల్స్ లెక్కలో మాత్రం పోటీయే లేదు. 2018లో కలినిన్‌గ్రాద్‌లో సెర్బియాపై 2-1 గెలుపులో గోల్స్ ఇద్దరివే. గోల్స్ తరువాత చేసిన, అల్బేనియా జెండాలోని రెండు తలల గద్ద సైగకు చెరో పదివేల స్విస్ ఫ్రాంకుల జరిమానా కట్టిందీ ఇద్దరే.

2021 యూరో మాత్రం ఇద్దరి విలువనూ పక్కపక్కన చూపించింది. బుకారెస్ట్‌లో 1-3తో వెనుకబడిన జట్టు ఫ్రాన్స్‌తో 3-3గా సమం చేసి పెనాల్టీలలో గెలిచినప్పుడు నడిపించింది జాకా. పసుపు కార్డుల వల్ల అతను క్వార్టర్ ఫైనల్‌కు దూరమైతే, సారథి పట్టీ కట్టుకుని స్పెయిన్‌పై సమం చేసే గోలు కొట్టింది షాచిరి. ఆ మ్యాచ్ పెనాల్టీలలో చేజారింది. స్విట్జర్లాండ్‌కు షాచిరి గోల్స్ లేని టోర్నీ ఊహించడం కష్టమైతే, జాకా లేని మధ్యవరుస ఊహించడం అంతకంటే కష్టం.

చివరి అధ్యాయాల్లోనూ ఎవరి స్వభావం వారిదే. లియోన్, షికాగో తిరిగి 2024లో బాసెల్‌కు చేరిన షాచిరి, మరుసటి ఏడాదే లీగ్‌లో అత్యధిక గోల్స్ కొట్టి, 2017 తరువాత క్లబ్బుకు మొదటి లీగ్ టైటిల్, దానితోపాటు కప్పూ తెచ్చాడు. అతని క్లబ్బు జీవితంలో జట్టంతా తన చుట్టూ తిరిగిన సీజన్లలో నా దృష్టిలో ఇదే మేటి. అది ముప్పై మూడేళ్లకు గానీ రాలేదు. జాకా 2025 వేసవిలో, అప్పుడే ప్రీమియర్ లీగ్‌లోకి తిరిగివచ్చిన సండర్లాండ్‌ను ఎంచుకుని, రాగానే సారథి అయ్యాడు.