ఎవరు ఏ రో (టేబుల్‌లోని వరుస) చూడాలి: ఆ నియమం కోడ్‌లో ఉంటే మేలా, డేటాబేస్‌లో ఉంటే మేలా?

ఆసుపత్రి డేటాబేస్ డిజైన్ చేస్తున్నామనుకోండి. పేషెంట్, డాక్టర్, రిపోర్టు అని ఈఆర్ డయాగ్రమ్ (దేనికి దేనితో సంబంధమో చూపే బొమ్మ) శ్రద్ధగా గీస్తాం. "డాక్టర్ తన పేషెంట్ల రిపోర్టులే చూడాలి" అన్న మాటను మాత్రం తర్వాత చూద్దాంలే అని పక్కన పెడతాం. అక్కడే తేడా వస్తుంది. ఏ డాక్టర్ ఏ పేషెంట్‌ని ఎప్పటి నుంచి ఎప్పటి వరకు చూస్తున్నారో చెప్పే టేబుల్ డిజైన్‌లోనే లేకపోతే, ఆ నియమాన్ని ఎక్కడ రాసినా నిలవదు.

ఆ టేబుల్ ఉందనుకుందాం. చాలామంది నియమాన్ని అప్లికేషన్ కోడ్‌లో రాస్తారు. "సంతకమైన రిపోర్టును సీనియర్ ఒప్పుకుంటేనే మార్చాలి" లాంటి మెలికలకు అదే సరైన చోటు. కానీ ఎవరి రో ఎవరికి కనబడాలన్నది కోడ్‌కి వదిలేస్తే నాకు టెన్షనే. ఒక్క క్వెరీలో (డేటా అడిగే ఆదేశంలో) వేర్ కండిషన్, అంటే ఏ రోలు కావాలో చెప్పే షరతు, మర్చిపోతే చాలు, అందరి రిపోర్టులూ బయటపడతాయి. రిపోర్టింగ్ టూల్ ఏదైనా నేరుగా డేటాబేస్‌కి కనెక్ట్ అయితే మన కోడ్‌తో దానికి పనే లేదు.

వ్యూలు, అంటే టేబుల్‌లో కావలసిన భాగాన్నే చూపించేలా సేవ్ చేసి పెట్టుకున్న క్వెరీలు, కాలమ్స్ దాచడానికి బాగుంటాయి. రిసెప్షన్‌లో ఉన్నవాళ్లకు పేరు, అపాయింట్‌మెంట్ చూపించి జబ్బు వివరాలు దాచొచ్చు. అంతకు మించి వాటిని సాగదీయకపోవడమే మంచిది.

రోల విషయంలో నా ఓటు రో లెవెల్ సెక్యూరిటీకే, అంటే ఏ రో ఎవరికి కనబడాలో డేటాబేసే చూసుకునే పద్ధతికే. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో 9.5 వెర్షన్ నుంచి, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 వెర్షన్ నుంచి ఇది ఉంది. పాలసీ, అంటే ఆ నియమం, టేబుల్ మీదే ఉంటుంది కాబట్టి క్వెరీ ఎటు నుంచి వచ్చినా వడపోత తప్పదు. పోస్ట్‌గ్రెస్‌లో దీన్ని ఆన్ చేసి పాలసీ రాయడం మర్చిపోతే, మామూలు యూజర్లకు ఒక్క రో కూడా రాదు. మర్చిపోతే తలుపు మూసుకునే పద్ధతి ఇది. కోడ్‌లో మర్చిపోతే తెరుచుకుంటుంది.

అయితే కొన్ని జాగ్రత్తలు తప్పవు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్ ఓనర్‌కి పాలసీ మామూలుగా వర్తించదు, ఫోర్స్ ఆప్షన్ పెడితేనే వర్తిస్తుంది. సూపర్‌యూజర్‌కి (అన్ని అధికారాలూ ఉన్న అకౌంట్‌కి) ఎప్పటికీ వర్తించదు. అందుకే అప్లికేషన్‌కి వేరే రోల్ (డేటాబేస్ అకౌంట్) ఇవ్వాలి. కనెక్షన్ పూల్ (ఒకే కనెక్షన్‌ని చాలామందికి వంతులవారీగా వాడే పద్ధతి) వాడుతుంటే యూజర్ ఐడీని ప్రతి ట్రాన్సాక్షన్‌లోనూ సెట్ లోకల్‌తో, అంటే ఆ ట్రాన్సాక్షన్ వరకే ఉండే సెట్టింగ్‌తో, పెట్టాలి, లేదంటే ముందు వచ్చినవారి గుర్తింపు తర్వాతివారికి అంటుకుంటుంది. పాలసీ వెతికే కాలమ్స్ మీద, వెతుకులాట వేగంగా సాగేలా, ఇండెక్స్ కూడా ఉండాలి.

అన్నీ అయ్యాక అప్లికేషన్ రోల్‌తో కనెక్ట్ అయి, యూజర్ ఐడీ పెట్టకుండా రిపోర్టుల టేబుల్ మీద సెలెక్ట్ కొట్టి చూడండి. ఒక్క రో వచ్చినా లైవ్‌కి వెళ్లకండి.