క్లిప్పులు వేసుకున్న నోట్లో గులాబీ రంగు మౌత్‌వాష్

ముప్పై ఒకటో ఏట పళ్లకి క్లిప్పులు వేయించుకున్నాను. బెజవాడ వస్త్రలత బట్టల మార్కెట్లో ఒక హోల్‌సేల్ షాపులో లెక్కలు రాస్తాను. మొదటి వారం అందరూ నా నోటివంకే చూశారు, తర్వాత అలవాటుపడ్డారు. నా చిగుళ్లు మాత్రం అలవాటుపడలేదు. మూడో నెలకి కింది ముందుపళ్ల దగ్గర ఎర్రగా ఉబ్బాయి, బ్రష్ తగిలితే చాలు రక్తం.

సూర్యారావుపేటలో మా డాక్టరుగారు అద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. తీగని పట్టి ఉంచడానికి పంటికి అతికించిన బ్రాకెట్ బిళ్లకీ చిగురుకీ మధ్య పాచి గట్టు కట్టి ఉంది. పొద్దున తిన్న గోంగూర పీచు కూడా తీగకి వేలాడుతోంది. సిగ్గుతో చచ్చిపోయాను. ఆవిడ శుభ్రం చేసి, గులాబీ రంగులో ఉండే క్లోర్‌హెక్సిడిన్ (నోట్లో క్రిముల్ని చంపే మందు) 0.2 శాతం మౌత్‌వాష్ రాసిచ్చారు. పూటకి 10 మి.లీ. చొప్పున రోజుకి రెండుసార్లు, నిమిషంసేపు పుక్కిలించి ఉమ్మేయాలి. రెండు వారాలే అని చీటీ మీద గీత గీసి మరీ చెప్పారు. బ్రష్ చేసిన వెంటనే వద్దు, అరగంట ఆగమన్నారు. పేస్టులో నురగ తెప్పించే పదార్థం ఈ మందు బలాన్ని తగ్గిస్తుందట. పొద్దున తొమ్మిదింటికల్లా షాపులో ఉండాల్సిన మనిషికి ఆ అరగంట ఎంత కష్టమో ఆవిడకేం తెలుసు!

పని మాత్రం చేసింది. వారానికి రక్తం తగ్గింది, పది రోజులకి వాపు దిగింది. సీసా 150 మి.లీ., అంటే వారం రోజులకి సరిపడా. రెండు సీసాలతో కోర్సు అయిపోవాలి. ఇంత బాగా పనిచేస్తోంది కదా అని నేనే మెడికల్ షాపుకెళ్లి ఇంకో రెండు సీసాలు తెచ్చుకున్నాను. తప్పు అక్కడే జరిగింది.

మూడో వారంలో పప్పులో ఉప్పు లేదని అమ్మతో గొడవపడ్డాను. "ఉప్పు సరిపోయిందే, నీ నాలుకకేమైంది?" అంది. నిజంగానే నాలుకకే అయింది. ఆవకాయ కూడా కారం తప్ప ఏ రుచీ తెలియకుండా పోయింది. నాలుగో వారానికి బ్రాకెట్ల చుట్టూ గోధుమరంగు మరకలు. షాపులో బేరం తెగిన ప్రతిసారీ టీ వస్తుంది, రోజుకి నాలుగైదు. ఈ మందు వాడుతుంటే టీ రంగు పళ్లకి ఇట్టే పట్టుకుంటుందట. డాక్టరుగారు కోప్పడి, పాలిష్ పెట్టి తీశారు. మరక పైపైదే కాబట్టి పోయింది, కానీ తీగల చుట్టూ తీయడానికి ముప్పావుగంట నోరు తెరుచుకుని పడుకున్నాను. మానేసిన కొన్నాళ్లకి ఉప్పు రుచి తిరిగొచ్చింది.

ఇప్పుడు రాత్రి పడుకునే ముందు ఆల్కహాల్ లేని ఫ్లోరైడ్ మౌత్‌వాష్ వాడుతున్నాను, అందులో సోడియం ఫ్లోరైడ్ 0.05 శాతం. ఇది చిగుళ్ల వాపుకి కాదు, బ్రాకెట్ చుట్టూ పన్ను తెల్లమచ్చలు పడి పుచ్చకుండా. ఆల్కహాల్ ఉన్నది ఒకసారి నోట్లో పోశాను. పెదవి లోపల తీగ గీసుకున్న పుండు మీద గుంటూరు మిరపకాయ రుద్దినట్టయింది.

నా చిగుళ్లని ఇన్నాళ్లూ కాపాడుతున్నది మాత్రం ఏ సీసా కాదు, సీసాలు కడిగే బ్రష్‌ని బొమ్మంత చేసినట్టుండే ఇంటర్‌డెంటల్ బ్రష్. తీగ కింద నుంచి దూర్చి, ఒక్కో బ్రాకెట్ పక్కనా పైకీ కిందకీ ఆడిస్తే, మౌత్‌వాష్ కదిలించలేని పాచి వచ్చేస్తుంది. రాత్రిపూట పది నిమిషాలు పడుతుంది, విసుగే.

గులాబీ సీసాకి నా మార్కులు అయిదుకి మూడున్నర. డాక్టరు రాస్తే, రాసినన్నాళ్లు వాడండి. నాలుగో సీసా సగం మిగిలింది, బాత్రూం అలమరలోనే ఉంది. ఉప్పు గొడవ వచ్చినప్పుడల్లా అమ్మ దాన్నే చూపిస్తుంది.