సీఆర్‌పీనా, కాల్షియం స్కోరా: గుండె కోసం ఏది చేయించుకోవాలి?

మిర్యాలగూడలో మా మందుల షాపుకు వచ్చేవాళ్ళు ఈ మధ్య మందుల చీటీతో పాటు రక్త పరీక్షల రిపోర్టు కూడా కౌంటర్ మీద పెడుతున్నారు. ఫుల్ బాడీ ప్యాకేజీల పుణ్యమా అని అందులో హెచ్ఎస్ సీఆర్‌పీ అని ఒక లైను, పక్కనే 'హై' అని ఉంటుంది. హైదరాబాద్‌లో పిల్లలున్నవాళ్ళేమో "మావాడు కాల్షియం స్కోర్ చేయించుకోమంటున్నాడు, రెండిట్లో ఏది మేలు?" అంటారు. సీఆర్‌పీ అంటే ఒంట్లో వాపును చెప్పే రక్త పరీక్ష, కాల్షియం స్కోర్ అంటే గుండె రక్తనాళాల్లో చేరిన కాల్షియాన్ని కొలిచే స్కాన్. నేను డాక్టర్ని కాను. అయితే మా తమ్ముడికి 46 ఏళ్ళకే స్టెంట్ పడ్డాక భయపడి నేను ఈ రెండూ చేయించుకున్నాను. ఆ అనుభవంతో, కొంత చదివిన దానితో చెబుతున్నాను.

ముందుగా సీఆర్‌పీకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. రక్తనాళాల్లో కొవ్వు ఒక్కటే కాదు, లోపలి వాపు కూడా గుండెపోటుకు కారణమేనని 2017లో కాంటోస్ ట్రయల్ తేల్చింది. అప్పటికే ఒకసారి గుండెపోటు వచ్చి, సీఆర్‌పీ 2 పైన ఉన్నవాళ్ళకు ఎల్‌డీఎల్‌ను (చెడు కొలెస్ట్రాల్‌ను) తగ్గించని, వాపును మాత్రమే తగ్గించే ఒక ఇంజెక్షన్ ఇస్తే గుండెపోటు, పక్షవాతం వంటివి 15 శాతం తగ్గాయి. ప్రాణం తీసే ఇన్‌ఫెక్షన్లు పెరగడంతో ఆ మందు మన దాకా రాలేదు, అది వేరే సంగతి. 2024లో వచ్చిన మరో అధ్యయనంలో 27,939 మంది ఆడవాళ్ళను 30 ఏళ్ళు గమనించారు. మొదట్లో ఒక్కసారి తీసిన రక్తంలో సీఆర్‌పీ ఎక్కువున్నవాళ్ళకే తర్వాత గుండె జబ్బులు ఎక్కువ వచ్చాయి.

మరి నా పేచీ ఏమిటంటే, వేలమందిని కలిపి చూస్తే నిజం చెప్పే అంకె, ఒక్క మనిషి ఒక్క పొద్దున ఇచ్చిన రక్తంలో అంతే నిజం చెప్పాలని లేదు. సీఆర్‌పీ కాలేయంలో తయారవుతుంది. ఒంట్లో వాపు ఎక్కడున్నా అది పెరుగుతుంది. చిగుళ్ళు వాచినా, జ్వరం తగిలినా, మోకాలు వాచినా, బీడీ తాగినా పెరుగుతుంది. పొగ కనిపిస్తుంది గానీ ఏ ఇంట్లోంచి వస్తుందో తెలియదు.

మొన్నామధ్య ఒక రైస్ మిల్లు గుమస్తా వచ్చాడు. 52 ఏళ్ళు, ఎనిమిదేళ్ళుగా షుగర్. ఒక చేతిలో రిపోర్టు, సీఆర్‌పీ 11.4. ఇంకో చేతిలో చీటీ: దగ్గు సిరప్, ఐదు రోజుల యాంటీబయాటిక్. "అన్నా, గుండెకేమన్న అయితదా?" అని అడుగుతూ మధ్యలో రెండుసార్లు దగ్గాడు. సీఆర్‌పీ 10 దాటితే ముందు ఇన్‌ఫెక్షన్ సంగతి చూసుకోవాలి, తగ్గాక కనీసం రెండు వారాలు ఆగి మళ్ళీ చేయించాలి. ఆ రిపోర్టు మీద ఈ మాట ఎక్కడా లేదు.

నాకూ అలాగే అయింది. మొదట ఒక ల్యాబ్‌లో 'సీఆర్‌పీ: నెగెటివ్' అని కాగితం ఇచ్చారు. అది జ్వరాలకు చేసే మామూలు సీఆర్‌పీ. 6 లోపు ఉంటే అది నెగెటివ్ అనే చూపిస్తుంది. గుండెకు పనికొచ్చే లెక్క అంతా ఆ 6 లోపలే ఉంది: 1 లోపు తక్కువ, 1 నుంచి 3 మధ్యస్థం, 3 దాటితే ఎక్కువ. డబ్బు దండగైంది. తక్కువ మోతాదును కూడా పట్టే హెచ్ఎస్ (హై సెన్సిటివిటీ) రకమే కావాలని పట్టుబట్టి ఇంకోచోట చేయిస్తే 5.6 వచ్చింది. వారం రోజులు నిద్ర లేదు. పన్ను పీకించుకుని, నెల ఆగి మళ్ళీ చేయిస్తే 1.8. ఇప్పుడు నా గుండె ఏ అంకెను నమ్మాలి?

అందుకే నాకు నిలకడ ముఖ్యం అనిపిస్తుంది. కాల్షియం స్కోర్‌కు అది ఉంది. ఈసీజీ తగిలించి చేసే సీటీ స్కాన్ అది. రంగు మందు ఎక్కించరు, సూది లేదు, శ్వాస బిగబట్టమని ఒకసారి చెబుతారు, అంతే. నేను హైదరాబాద్ వెళ్ళి చేయించుకున్నాను. బట్టలు మార్చుకోవడానికి పట్టినంత సేపు కూడా మిషన్‌లో లేను. 42 వచ్చింది. 48 ఏళ్ళకు సున్నా ఉంటే కొన్నాళ్ళు ఆగేవాళ్ళమేమో, తమ్ముడి కథ కూడా ఉంది కాబట్టి కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర మొదలుపెడదామన్నారు డాక్టర్. జలుబు చేసిందనో, పన్ను నొప్పి అనో ఆ 42 రేపు 4 అయిపోదు.

దీనికీ లోపాలున్నాయి. వందల్లో అయిపోయే పరీక్ష కాదు, వేలల్లో ఖర్చు, పైన కొంత రేడియేషన్. అది చూపించేది వాపును కాదు, నాళాల్లో కాల్షియం చేరి గట్టిపడిన పాత కొవ్వు మచ్చను. కాల్షియం చేరని మెత్తటి కొవ్వు దానికి కనపడదు. కాబట్టి 35 ఏళ్ళ కుర్రాడికి సున్నా వచ్చిందని సంబరపడటానికి లేదు. స్టాటిన్ వాడుతుంటే స్కోర్ కొంచెం పెరగొచ్చు కూడా. మచ్చ గట్టిపడటమే దానికి కారణం కాబట్టి ఏటేటా చేయించుకుని బెంగపెట్టుకోవడం దండగ.

మిగతావి రెండు మాటల్లో. వాపుకు చేసే ఇంకో రక్త పరీక్ష ఈఎస్ఆర్ గుండె ముప్పు లెక్కకు పనికిరాదు. మెడ రక్తనాళం మందం కొలిచే అల్ట్రాసౌండ్ చేసే చేతిని బట్టి మారుతుంది. పెట్ స్కాన్ వాపును నేరుగా చూపిస్తుంది గానీ మనలాంటి వాళ్ళ ముప్పు లెక్కకు అంత ఖర్చు అక్కర్లేదు. గుండె నాళాల చుట్టూ ఉన్న కొవ్వును సీటీలో చదివి వాపును పట్టే పద్ధతి ఆక్స్‌ఫర్డ్‌లో తయారైంది, బాగుంది, మన దాకా రానివ్వండి. రక్తంలో కొలెస్ట్రాల్‌ను మోసే లైపోప్రోటీన్(ఎ) మాత్రం జీవితంలో ఒక్కసారి చూపించుకోండి, అది చాలావరకు పుట్టుకతో వచ్చేది.

నా మాట: 40 దాటి, ఇంట్లో గుండె జబ్బు ఉండి, మాత్ర వేసుకోవాలా వద్దా అని డాక్టరే ఊగిసలాడుతుంటే కాల్షియం స్కోర్. హైదరాబాద్ వెళ్ళే వీలు లేకపోతే హెచ్ఎస్ సీఆర్‌పీ, ఒంట్లో బాగున్నప్పుడు, రెండుసార్లు. స్టెంట్ పడినవాళ్ళకు, 40 దాటిన షుగర్ వాళ్ళకు మాత్ర ఎలాగూ ఉండాల్సిందే. దాని కోసం ఈ రెండూ అక్కర్లేదు.

గుమస్తా మూడు వారాలకు మళ్ళీ వచ్చాడు. దగ్గు లేదు. సీఆర్‌పీ 2.3. "ఇగ ఏం లేనట్టే గద అన్నా" అని నవ్వాడు. పాత చీటీ తీయమన్నాను. షుగర్ మాత్రల కింద రోసువాస్టాటిన్ అని, ఆ స్టాటిన్ మాత్రే, డాక్టర్ ఎప్పుడో రాసే ఉన్నాడు. రెండు నెలలుగా అది ఒక్కటీ కొనడం లేదు.