పాత ల్యాప్‌టాప్‌లోకి ఇంటి కంప్యూటర్ల బ్యాకప్: కొన్నేళ్ల వాడకం తర్వాత

మా ఇంట్లో రెండు డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. ఒకదానిలో ఫొటోలు, వీడియోలు. రెండోదానిలో ఇంటి లెక్కలు, పిల్లల చదువులు, ఆఫీసు కాగితాలు. ఈ రెండింటి బ్యాకప్‌నూ కొన్నేళ్లుగా ఒక పాత ల్యాప్‌టాపే చూసుకుంటోంది. ఇందుకోసం ప్రత్యేకంగా నాస్ పెట్టె (నెట్‌వర్క్‌కు తగిలించే డిస్కుల పెట్టె) కొనాలా అని అడిగేవాళ్లకు నా జవాబు: రెండు మూడు కంప్యూటర్లున్న ఇంటికి అక్కర్లేదు, ల్యాప్‌టాప్ చాలు. అయితే ఒక్క షరతు ఉంది. డెస్క్‌టాప్‌లు తమ ఫైళ్లను ల్యాప్‌టాప్‌కు పంపకూడదు. ల్యాప్‌టాపే వచ్చి తీసుకోవాలి.

చాలామంది చేసే ఏర్పాటు ఇందుకు తలకిందులుగా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో ఒక ఫోల్డర్‌ను షేర్ చేస్తారు, డెస్క్‌టాప్‌లో దాన్ని ఒక డ్రైవ్‌లా తగిలిస్తారు, రోజూ అందులోకి కాపీ చేస్తారు. డిస్కు పాడైతే ఇది కాపాడుతుంది. ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్ ప్రోగ్రామ్ వస్తే మాత్రం కాపాడదు. డెస్క్‌టాప్ రాయగలిగిన ప్రతి చోటా ఆ ప్రోగ్రామ్ కూడా రాయగలదు కాబట్టి బ్యాకప్‌కు కూడా తాళం పడుతుంది. 2017 మే నెలలో వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ఒక యంత్రం నుంచి ఇంకో యంత్రానికి పాకింది విండోస్ ఫైల్ షేరింగ్‌లోని లోపం ద్వారానే. మా డెస్క్‌టాప్‌లలో ల్యాప్‌టాప్ డిస్కును తెరిచే పాస్‌వర్డ్ ఎక్కడా లేదు. పాడైన ఫైళ్లను ల్యాప్‌టాప్ తెచ్చుకున్నా అవి కొత్త ప్రతులుగా చేరతాయే తప్ప పాతవాటిని చెరపవు. అందుకే కొన్ని నెలల పాత ప్రతులను ఉంచుతాను. ఇందులో పిసినారితనం పనికిరాదు.

నేను వాడేది ఉర్‌బ్యాకప్ అనే ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. ల్యాప్‌టాప్‌లో డెబియన్ (ఒక రకం లినక్స్) వేసి, బ్యాకప్‌లు తీసుకుని దాచే సర్వర్ భాగాన్ని, డెస్క్‌టాప్‌లలో ఫైళ్లు అందించే క్లయింట్ భాగాన్ని పెట్టాను. ఒకే నెట్‌వర్క్‌లో ఉంటే క్లయింట్లను సర్వరే వెతికి పట్టుకుంటుంది. మామూలు అమరికలో 5 గంటలకోసారి మారిన ఫైళ్లను తెచ్చుకుంటుంది. విండోస్‌లో తెరిచి ఉన్న ఫైళ్లను కూడా షాడో కాపీ (ఆ క్షణంలో ఫైళ్లు ఎలా ఉన్నాయో విండోస్ పట్టి ఉంచే పద్ధతి) ద్వారా తీసుకుంటుంది. ఒకే ఫొటో రెండు కంప్యూటర్లలో ఉంటే డిస్కు మీద ఒక్కసారే చోటు తీసుకుంటుంది. దీనికి హార్డ్ లింకులు (ఒకే ఫైలును రెండు చోట్ల రెండు పేర్లతో చూపే వీలు) కావాలి, బయటి డిస్కుల్లో తరచూ కనిపించే ఎక్స్‌ఫ్యాట్ ఫార్మాట్‌లో అవి లేవు. అందుకని బ్యాకప్‌ల కోసం ల్యాప్‌టాప్‌కు తగిలించే బయటి డిస్కును ముందే లినక్స్ ఫార్మాట్ అయిన ఈఎక్స్‌టీ4లోకి మార్చుకోవాలి. మూత మూసినా ల్యాప్‌టాప్ నిద్రపోకుండా లాగిన్‌డి (మూత, పవర్ బటన్ వంటివాటిని చూసుకునే లినక్స్ భాగం) అమరికల్లో ఒక వరుస మార్చాలి. అంతకుమించి పెద్ద తంతేమీ లేదు.

మొదటి పూర్తి కాపీకి ఓపిక కావాలి. పాత ల్యాప్‌టాప్‌లలో కొన్నింటికి సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ పోర్టే ఉంటుంది. దానిమీద సెకనుకు 11, 12 మెగాబైట్లకు మించి రావు. 400 గిగాబైట్లకు దాదాపు పది గంటలు. గిగాబిట్ పోర్టు ఉంటే సెకనుకు 110 మెగాబైట్ల దాకా వెళ్లవచ్చు, అప్పుడు ఆలస్యం డిస్కుది అవుతుంది. ఆ డిస్కును యూఎస్‌బీ 2 పోర్టుకు పెడితే మళ్లీ ముప్పై చిల్లరకే పడిపోతుంది. వైఫై మీద మొదటి కాపీ జోలికి వెళ్లకండి. తర్వాతి రోజువారీ కాపీలు మాత్రం ఎప్పుడు జరిగాయో కూడా తెలియనంత చప్పుడు లేకుండా పూర్తవుతాయి.

దీని విలువ నాకు తెలిసింది ఒక లెక్కల ఫైలు దగ్గర. అందులో ఒక షీటు మొత్తం చెరిగిపోయింది, దాని మీదే సేవ్ కూడా అయిపోయింది. అప్పటికి కొన్ని వారాలు గడిచాయి. బ్రౌజర్‌లో ల్యాప్‌టాప్ చిరునామా, 55414 పోర్టు తెరిస్తే బ్యాకప్‌లు తేదీలవారీగా కనిపిస్తాయి. ఒక్కో తేదీ నొక్కుతూ, ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైలు సైజు చూస్తూ వెనక్కి వెళ్లాను. ఒక తేదీ దగ్గర సైజు ఒక్కసారిగా పెరిగింది. ఆ ప్రతిని దించి తెరిస్తే షీటు చెక్కుచెదరకుండా ఉంది. నిన్నటి కాపీ ఒక్కటే ఉంచే ఏర్పాటైతే ఆ షీటు దొరికేది కాదు.

ల్యాప్‌టాప్‌కు ఉన్న పెద్ద వరం బ్యాటరీ. కరెంటు పోయినప్పుడు డిస్కు సగం రాతలో ఆగిపోదు. ఇది అక్కరకు రావాలంటే డిస్కు యూఎస్‌బీ నుంచే కరెంటు తీసుకునే చిన్న రకమై ఉండాలి. సొంత అడాప్టర్ ఉన్న పెద్ద డిస్కు కరెంటుతో పాటే ఆగిపోతుంది. అదే బ్యాటరీ ప్రమాదం కూడా. ఎప్పుడూ నూరు శాతం చార్జింగ్‌లో, వేడిలో ఉంటే అది ఉబ్బుతుంది. టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు బల్ల మీద ఆనకపోయినా వెంటనే ఆపి బ్యాటరీ తీయించాలి. కొన్ని మోడళ్లలో చార్జింగ్‌ను 80 శాతం దగ్గర ఆపే వీలుంటుంది. ఉంటే తప్పక వాడండి. ల్యాప్‌టాప్‌ను అడుగున గాలి ఆడే చోట పెట్టండి.

లోపాలు చెప్పాలి. నాస్ పెట్టెలో లాగా రెండు డిస్కులు ఒకదానికొకటి అద్దంలా ఉండవు. ఉన్న ఒక్క డిస్కు పోతే బ్యాకప్ చరిత్రంతా పోతుంది. నేను స్మార్ట్ వివరాల్లో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే రాసుకునే లెక్కలు) రెండు అంకెలే చూస్తాను: మార్చేసిన సెక్టార్లు (పాడై, బదులు వేరే చోటు వాడుతున్నవి), పెండింగ్ సెక్టార్లు (సరిగా చదవలేక అనుమానంలో ఉన్నవి). రెండోది సున్నా దాటి పెరుగుతుంటే కొత్త డిస్కు కొనే సమయం వచ్చినట్టే. బ్యాకప్ ఆగిపోయిన సంగతి ఆ వెబ్ పేజీ ఎర్రగా చూపిస్తుంది గాని, పేజీ తెరిస్తేనే కదా కనిపించేది. ఈమెయిల్ హెచ్చరికలు మొదటి రోజే పెట్టుకోవాలి. విండోస్ డ్రైవ్ ఇమేజ్‌ను (విండోస్‌తో సహా డ్రైవ్ మొత్తానికీ తీసిన కాపీ) కూడా ఒకసారి ఖాళీ డిస్కు మీదికి ఎక్కించి బూట్ అవుతుందో లేదో చూసుకోండి. ఆ పరీక్ష జరిగేదాకా ఇమేజ్‌ను నేను లెక్కలోకి తీసుకోను.

ఇక దొంగతనం, అగ్నిప్రమాదం. ల్యాప్‌టాప్ డెస్క్‌టాప్‌ల పక్కనే ఉంటే ఈ రెండింటికీ అన్నీ కలిసే పోతాయి. దొంగ చేతిలో పడినా చదవలేకుండా ల్యాప్‌టాప్ డిస్కును ఎన్‌క్రిప్ట్ చేశాను, అంటే పాస్‌వర్డ్ లేకుండా అది తెరుచుకోదు. అన్నీ ఒకేసారి పోకుండా ఫొటోలు, కాగితాలు మాత్రం ఇంకో చిన్న డిస్కులోకి అప్పుడప్పుడు తీసి, అదీ ఎన్‌క్రిప్ట్ చేసి వేరే ఇంట్లో ఉంచుతున్నాను.