కర్నూలులో సరళా ఠక్రాల్ బోర్డు చేయించిన ముద్రణ దుకాణం

మా బాలికల పాఠశాల గ్రంథాలయ గదిలో పెట్టడానికి, విమానం నడిపిన తొలితరం భారతీయ మహిళల్లో ఒకరైన సరళా ఠక్రాల్ జీవితాన్ని చెప్పే బోర్డును కర్నూలు రాజ్‌విహార్ కూడలికి దగ్గరలోని ఒక డీటీపీ, ఫ్లెక్సీ దుకాణంలో చేయించాను. రెండడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు గల సన్‌బోర్డుకు (తేలికైన నురుగు పలకకు) మ్యాట్ లామినేషన్‌తో కలిపి 600 రూపాయలు, టైపింగుకు, డిజైనుకు 250 రూపాయలు తీసుకున్నారు. ఓర్వకల్లు విమానాశ్రయం నుంచి 2021లో రాకపోకలు మొదలయ్యాక మా పిల్లలకు విమానం కొత్త వస్తువేమీ కాదు. కానీ దాన్ని నడిపిన మన స్త్రీలలో ఒక్కరి పేరూ తరగతిలో ఎవరూ చెప్పలేకపోయారు.

నేను ఫోన్లలో, కంప్యూటర్లలో మామూలుగా వాడే యూనికోడ్‌లో పంపిన పాఠాన్ని, ముద్రణ దుకాణాల్లో వాడే అను ఫాంటులోకి మార్చగానే ఒత్తులన్నీ చెదిరిపోయాయి. దుకాణంలోని ఆపరేటరమ్మాయి విసుక్కోకుండా మొత్తం మళ్లీ టైపు చేసి, తప్పులు సరిచూసుకోవడానికి కాగితం మీద ప్రూఫు తీసి ఇచ్చింది. శీర్షికలో "తొలి మహిళా పైలట్" అని వేస్తే బాగుంటుందన్నది ఆమె సలహా. 1932లోనే ఊర్మిళా పారిఖ్ పైలట్ లైసెన్సు పొందారని, అందువల్ల "తొలితరం" అన్న మాటే న్యాయమని చెబితే ఒప్పుకుంది. బొమ్మగా మొదట ఇప్పటి జెట్ విమానం పెట్టారు. 1936లో, ఇరవై ఒకటో ఏట, నాలుగేళ్ల కూతురికి తల్లిగా ఉన్న సరళ చీరకట్టుతోనే లాహోర్‌లో ఒంటరిగా నడిపినది జిప్సీ మాత్ అనే చిన్న విమానమని, దానికి రెక్కలు ఒకదానిపై ఒకటిగా రెండు వరుసలుంటాయని, కూర్చునే చోట పైకప్పు ఉండదని వివరించాక సరైన బొమ్మ వెతికి వేశారు.

అసలు చిక్కు స్థలం దగ్గర వచ్చింది. వెయ్యి గంటలు ఎగిరి "ఎ" లైసెన్సు (సొంతంగా విమానం నడిపేందుకిచ్చేది) పొందడం, కరాచీ, లాహోర్‌ల మధ్య తపాలా విమానం నడిపిన భర్త పి.డి. శర్మ 1939లో విమాన ప్రమాదంలో మరణించడం, అంతవరకే బోర్డు నిండిపోయింది. అక్కడితో ముగించవచ్చని యజమాని అన్నారు. నాకు మనసొప్పలేదు. రెండో ప్రపంచ యుద్ధం వల్ల కమర్షియల్ లైసెన్సు (విమానం నడపడాన్ని వృత్తిగా చేసుకునేందుకు కావలసినది) శిక్షణ ఆగిపోతే ఆమె లాహోర్‌లోని మేయో స్కూల్ ఆఫ్ ఆర్ట్స్‌లో చిత్రలేఖనం నేర్చుకున్నారు. దేశ విభజన తరువాత ఢిల్లీ చేరి, 1948లో పునర్వివాహం చేసుకుని, నగల రూపకల్పనలోనూ చీరల అద్దకంలోనూ పేరు తెచ్చుకుని, 2008 వరకు జీవించారు. భర్త పోవడంతో ఆమె కథను ఆపేస్తే, చదివే ఆడపిల్లలకు మనం ఏమి చెప్పినట్టు? ఈ మాట విన్న యజమాని అదనపు రుసుము అడగకుండా బొమ్మను కుడివైపుకు జరిపి, అంచు పూలతీగను తీసేసి, ఆ చివరి భాగానికి చోటు చేశారు. ఆ ఒక్క పనికే ఈ దుకాణాన్ని నలుగురికీ చెప్పాలనిపించింది.

లోపాలు లేకపోలేదు. గురువారం ఇస్తామన్న బోర్డు శనివారం సాయంత్రానికి గాని చేతికి రాలేదు, కింది మూలలో లామినేషన్ కొద్దిగా లేచింది. అక్షరాలు మాత్రం గది అవతలి గోడ దగ్గర నుంచి కూడా స్పష్టంగా కనిపిస్తున్నాయి.

హైదరాబాద్‌లోని డెక్కన్ ఎయిర్‌వేస్‌లో విమానాలు నడిపిన మరో మహిళ ప్రేమ్ మాథుర్ బోర్డును కూడా ఇక్కడే చేయించబోతున్నాను. తెలుగు పాఠం ఎక్కువగా ఉన్న పని ఇచ్చేవారు రెండు రోజుల వ్యవధి అదనంగా పెట్టుకుని, తెర మీద చూసి సరేననకుండా కాగితం ప్రూఫే అడగండి.