చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ: నీడ పట్టే పనికి ఏ మాత్రం?

బ్లాక్ గెలాక్సీ అంటే ఒంగోలు దగ్గరి చీమకుర్తిలో దొరికే నల్ల రాయి. వంటింటి గట్టుకు ఈ రాయి ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు. ఆరుబయట నిలబెట్టి ఎండతో పని చేయించే కట్టడానికి (అంటే నీడను బట్టి రోజులు, దిక్కులు చూపే స్తంభంలాంటి దానికి) ఈ రాయీ, దాన్ని కోసే చీమకుర్తి ఫ్యాక్టరీలూ ఎంతవరకు పనికొస్తాయన్నదే ఇక్కడి సంగతి.

అమెరికాలోని యూటా ఎడారిలో నాన్సీ హోల్ట్ 1973–76 మధ్య 'సన్ టనెల్స్' కట్టింది. నాలుగు కాంక్రీటు గొట్టాలు, ఒక్కోటి 18 అడుగుల పొడవు. జూన్, డిసెంబరు అయనాంతాల్లో (ఏడాదిలో అతి పొడుగు పగలు, అతి పొట్టి పగలు ఉండే రోజుల్లో) పొద్దు పొడిచే, కుంకే దిక్కులకు గురిపెట్టినవి. ఆ కొలతలే తెచ్చి ఒంగోలు పక్క సముద్రతీరాన ఉన్న కొత్తపట్నం ఇసుక నేలలో పాతితే గురి తప్పుతుంది. యూటాలో ఆ చోటి అక్షాంశం 41 డిగ్రీలు, అయనాంతం నాటి పొద్దు తూర్పు నుంచి దాదాపు 32 డిగ్రీలు పక్కకు జరుగుతుంది. ఒంగోలు 15.5 డిగ్రీల మీద ఉంది, ఇక్కడ జరిగేది 24 పైచిలుకే.

మధ్యాహ్నపు నీడ సంగతి ఇంకా చిత్రం. రెండు మీటర్ల స్తంభానికి డిసెంబరు 21న నీడ ఉత్తరంగా 1.62 మీటర్లు పడుతుంది. మార్చి, సెప్టెంబరు విషువత్తుల్లో (పగలూ రాత్రీ సమానమయ్యే రోజుల్లో) 55 సెంటీమీటర్లు. మే మొదటి వారంలో ఒకరోజు అసలు ఉండదు. జూన్ 21కి దక్షిణం వైపు 28 సెంటీమీటర్లు పడి, ఆగస్టు రెండో వారంలో మళ్లీ మాయమవుతుంది. కాబట్టి స్తంభానికి దక్షిణాన కూడా చోటు వదలాలి. విదేశీ ప్లాన్లు ఎత్తి వేసేవాళ్లు మరిచేది ఇదే.

ఇక రాయి. వ్యాపారంలో గ్రానైట్ అంటారు గానీ ఇది గ్యాబ్రో జాతి. మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజం. బరువు ఎక్కువ: 30 సెంటీమీటర్ల చదరంతో 2.6 మీటర్ల స్తంభం 700 కిలోల దాకా తూగుతుంది. అందులో 60 సెంటీమీటర్లు భూమిలోకి పోతే రెండు మీటర్లు పైన మిగులుతుంది. ఇసుక నేలలో కింద కాంక్రీటు దిమ్మె లేకపోతే ఒక్క వానాకాలానికే ఒరుగుతుంది. పైకొన ఒక సెంటీమీటరు ఉత్తరానికో దక్షిణానికో వాలినా విషువత్తు రోజుల్లో తేదీ లెక్క రోజులో మూడింట రెండు వంతులు తప్పినట్టే, ఎందుకంటే అప్పట్లో మధ్యాహ్నపు నీడ కొన రోజుకు ఒకటిన్నర సెంటీమీటరే కదులుతుంది.

స్తంభంగా ఈ రాయికి వంక పెట్టలేం. నీడ పడే నేలగా మాత్రం వద్దు. నల్ల రాయి మీద నీడ ఆనదు. అద్దంలా పాలిష్ చేస్తే కళ్లలో కొట్టే మెరుపు తప్ప గీత కనపడదు. పైగా మే ఎండకు దాని మీద కాలు పెట్టలేరు. నేలకు గూడూరు పక్క చిల్లకూరు, కోట వైపు దొరికే తెల్లని సిలికా ఇసుక పరిచి, గుర్తులకు మాత్రమే నల్ల పలకలు వాడితే నీడ ఇట్టే తెలుస్తుంది. పలకల మధ్య 5 ఎంఎం సందు వదలండి.

ఫ్యాక్టరీల పని విషయానికొస్తే, కోత బాగుంటుంది, అంచులు శుభ్రం. చెప్పకపోతే నాలుగు వైపులా పాలిష్ కొట్టేస్తారు, అది వాళ్ల అలవాటు. స్తంభానికి లెదర్ ఫినిష్ (అద్దపు మెరుపు లేని, తోలులాంటి పైతలం) అని ఆర్డరులోనే రాయించండి. 20 ఎంఎం అన్న స్లాబు చాలాసార్లు 18 దగ్గర తేలుతుంది. టేపుతో పొడవు, వెడల్పుతో పాటు మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. నీళ్లు చల్లి ఆరేటప్పుడు చూస్తే సన్న పగులు ఉంటే గీతలా తడి నిలుస్తుంది. అలాంటి ముక్కను నిలువుగా పెట్టకండి.

నీడకు బదులు రంధ్రం గుండా పడే వెలుగు చుక్క కావాలంటే స్లాబులో కోర్ బిట్‌తో (గుండ్రంగా తొలిచే పనిముట్టుతో) 20 ఎంఎం రంధ్రం చాలు. రెండు మీటర్ల దూరంలో చుక్క దాదాపు 38 ఎంఎం వస్తుంది, సూర్యుడి బింబం అర డిగ్రీ వెడల్పు ఉంటుంది కదా. అయితే 20 ఎంఎం స్లాబులో ఆ రంధ్రం గొట్టంలా పని చేసి, రంధ్రానికి సూటిగా కాక 45 డిగ్రీలకు మించి ఏటవాలుగా వచ్చే ఎండను పూర్తిగా ఆపేస్తుంది. వెనక వైపు అంచును వెడల్పుగా చెక్కించాలి. లేదా ఆ చోట 3 ఎంఎం స్టీలు రేకు బిగించాలి, అదే సులువు. సాయంత్రం నీడ కొన మీద లెక్కలు పెట్టుకోకండి. పొద్దు పది డిగ్రీల ఎత్తున ఉన్నప్పుడు రెండు మీటర్ల స్తంభపు నీడ పదకొండు మీటర్లు పోతుంది, దాని కొన అర మీటరు పైగా మసకగా ఉంటుంది.

దిక్కుకు ఫోన్ దిక్సూచిని నమ్మొద్దు, పక్కన హైడ్రా క్రేన్ ఉంటే ముల్లు తప్పుతుంది. పాత జ్యోతిష గ్రంథం సూర్యసిద్ధాంతం చెప్పిన శంకువు పద్ధతే మేలు (శంకుస్థాపన అన్న మాటలోని శంకువు అదే): కర్ర చుట్టూ వృత్తం గీసి, పొద్దున, సాయంత్రం నీడ కొన వృత్తాన్ని తాకిన రెండు చుక్కలనూ కలిపితే తూర్పు పడమర గీత. డిసెంబరు చివర, తుపాన్లు తగ్గాక చేస్తే తేడా దాదాపు రాదు. గడియారపు పన్నెండుకు స్తంభం నీడ సరిగ్గా ఉత్తరం చూపించలేదని ఫ్యాక్టరీవాళ్లతో గొడవపడకండి. మన ప్రామాణిక కాలం 82.5 డిగ్రీల రేఖది, ఒంగోలు 80 దగ్గర ఉంది. ఏడాది సగటున అసలు మధ్యాహ్నం 12:10కి, ఫిబ్రవరిలో 12:24కి, నవంబరు మొదట్లో 11:54కే వస్తుంది.

మార్కులు: స్తంభానికి, గుర్తు పలకలకు అయిదుకి నాలుగున్నర. నేలకు ఒకటి. సముద్రం ఒడ్డున పాతాలనుకుంటే సీఆర్‌జెడ్ (తీరప్రాంత నియంత్రణ మండలం) అనుమతి సంగతి తేలాకే బయానా ఇవ్వండి, కోసిన రాయిని వెనక్కి తీసుకోరు.